లాంగ్ వీకెండ్‌కి ముందే నాటిన బంతి

ఏప్రిల్ చివర్లో వరసగా నాలుగు రోజులు ఎండ కాసిందంటే చాలు, మా నర్సరీ ముందు కార్లు బారులు తీరేవి. ఆర్నెల్లు జాకెట్లలో మగ్గిన జనం టీషర్టులేసుకుని వచ్చి, పూల నారు ట్రేలు రెండు చేతులా పట్టుకుని, అందరూ ఒకే మాట అడిగేవాళ్లు: "ఇప్పుడు నాటొచ్చా?" నా ఉద్యోగ జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువమందికి చెప్పిన మాట "ఇంకా వద్దు" అన్నదే అయ్యుంటుంది.

రిటైరయ్యాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇక్కడ కెనడా కాలేజీల్లో చదువుకుంటూ నర్సరీల్లో పార్ట్‌టైమ్ చేసే మన పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "ఆంటీ, బయట ఇంత వెచ్చగా ఉంది, మా మేనేజర్ మాత్రం ట్రేలు లోపలే పెట్టమంటాడు. వెదర్ యాప్ కరెక్టా, ఆయన కరెక్టా?" అని. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఒకే ఒక్క వసంతంలో నేను "సరే, నాటుదాం" అన్నాను. దాని వెనకాల వచ్చిన తెల్లవారుజామును ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. మరోసారి ప్రయత్నిస్తాను.

మాది అనంతపురం. వ్యవసాయంలో డిగ్రీ చేసి, పెళ్లయ్యాక కెనడా వచ్చాను. మొదట నయాగరా దగ్గర ఒక స్ట్రాబెర్రీ తోటలో పని, తర్వాత రిచ్‌మండ్ హిల్‌కి ఉత్తరాన ఉన్న ఒక నర్సరీలో హెడ్ గ్రోయర్‌గా చాలా ఏళ్లు. విత్తనం ట్రేలో పడ్డ దగ్గర్నుంచి మొక్క బండెక్కేదాకా బాధ్యత నాదే. మా ఊళ్లో మబ్బు కోసం ఆకాశం చూసేవాళ్లం, వాన పడుతుందేమోనని. ఇక్కడ కూడా మే నెలలో మబ్బు కోసమే చూస్తాం, కానీ కారణం వేరు. మబ్బుంటే పగటి వేడి నేల మీద నిలుస్తుంది. నక్షత్రాలు మిలమిలా మెరిసే రాత్రి నేలలోని వేడంతా పైకి పోయి, తెల్లారేసరికి ఫ్రాస్ట్, అంటే గడ్డకట్టిన మంచు, పడుతుంది. ఆకులోపలి నీరు గడ్డకట్టి, ఎండ తగలగానే మొక్క ఉడికించిన కూరలా నల్లగా వాలిపోతుంది. అందుకే ఇక్కడివాళ్లు విక్టోరియా డే సెలవు కలిసొచ్చే లాంగ్ వీకెండ్ దాకా, అంటే మే మూడో వారం దాటేదాకా, సున్నితమైన పూల నారు నేలలో పెట్టరు.

ఈ నియమాన్ని మా ఫోర్‌మన్ మతంలా పాటించేవాడు. పోర్చుగల్ నుంచి కుర్రతనంలోనే వచ్చేసిన మనిషి, నాకంటే పెద్దవాడు, బయట నాట్లు వేసే బృందమంతా ఆయన చేతికింద ఉండేది. ఎవరైనా లాంగ్ వీకెండ్‌కి ముందు బంతి నారు కొనుక్కుపోతుంటే, వాళ్లు కారెక్కేదాకా తల అడ్డంగా ఊపుతూ నిలబడేవాడు.

కోవిడ్ తగ్గిన తర్వాత రెండు మూడేళ్లకు, మార్చిలో, ఒకామె మా గ్రీన్‌హౌస్‌కి వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. హైదరాబాదు అమ్మాయి, కొన్నాళ్లు అమెరికాలో ఉండి ఇటు వచ్చి, టొరంటోలో ఐటీ ఉద్యోగం చేస్తోంది.

"ఆంటీ, మీరు తెలుగువాళ్లని ముందు కౌంటర్‌లో చెప్పారు. అందుకే డైరెక్ట్‌గా మీ దగ్గరికే వచ్చా" అంది.

"చెప్పమ్మా" అన్నాను, చేతుల మట్టి దులుపుకుంటూ.

వాళ్లమ్మ మా నర్సరీకి దగ్గర్లోనే ఉన్న ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో ఉండేదట. కోవిడ్ వచ్చిన మొదటి ఏడాదే, ఆ వైరస్‌తో, అక్కడ పోయిన చాలామందిలో ఆమె ఒకరు. ఆ కుటుంబాలన్నీ కలిసి హోమ్ ముందు, బిల్డింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక పూల బెడ్, అంటే పూలమడి, వేయించాలనుకున్నాయి.

"మదర్స్ డేకి ఓపెన్ చేద్దామని ఆంటీ. ముందురోజు శనివారం అందరం వచ్చి మా చేతుల్తో మేమే ప్లాంట్ చేస్తాం. ఒక్కో ఫ్యామిలీ వాళ్ల వాళ్లకి ఇష్టమైన పువ్వు సెలెక్ట్ చేసుకున్నారు. మా అమ్మకి బంతి."

"మదర్స్ డే అంటే మే రెండో ఆదివారం కదమ్మా. అప్పటికి ఇక్కడ నాటకూడదు. బంతి అసలు తట్టుకోదు."

"తెలుసు ఆంటీ, చదివా. కానీ కాల్గరీ నుంచి, వాంకూవర్ నుంచి ఫ్లైట్స్ బుక్ చేసేసుకున్నారు. అప్పుడు ఫ్యునరల్స్ కూడా జూమ్‌లోనే చూశాం మేమంతా. ఒక్కచోట నిలబడటం ఇదే ఫస్ట్ టైమ్."

ఫోర్‌మన్ పక్కనే ఉన్నాడు. నేను ఇంగ్లిష్‌లో విషయం చెప్పగానే, "కుండీల్లో పెట్టి ఇద్దాం. సాయంత్రం లోపల పెట్టుకుంటారు" అన్నాడు. ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పింది: "అందరినీ కుండీల్లా లోపలే పెట్టాం సార్ అప్పుడు. ఈసారి మట్టిలో పెట్టాలనుంది." ఆయన చీపురు తీసుకుని ఊడ్చిన చోటే మళ్లీ ఊడవడం మొదలుపెట్టాడు.

నేను అప్పుడే మాట ఇవ్వలేదు. ఏప్రిల్ అంతా చూస్తూ వచ్చాను. ఆ ఏడాది వసంతం తొందరగా దిగింది. మేపుల్ చెట్లు ముందే చిగిర్చాయి. నారును పగలు బయట, రాత్రి లోపల పెడుతూ చలికి అలవాటు చేశాం. మే మొదటి వారంలో ఆ హోమ్ ముందుకెళ్లి బెడ్‌లో మణికట్టు దాకా చెయ్యి పెట్టాను. నేల వెచ్చగా ఉంది. రాబోయే పది రోజుల వాతావరణంలో భయపడాల్సిందేమీ కనిపించలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "గ్యారంటీ ఇవ్వలేనమ్మా. కానీ నాటుదాం" అన్నాను. "థాంక్స్ ఆంటీ" అని పెట్టేసింది.

శనివారం పొద్దున ఎంత బాగుందో చెప్పలేను. పిల్లలు, పెద్దవాళ్లు, చేతికర్రలతో వచ్చినవాళ్లు, అన్ని దేశాల మొహాలూ. నిన్నటిదాకా తల అడ్డంగా ఊపిన ఫోర్‌మన్ పిల్లల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మొక్కను కాండం పట్టి లాగకుండా వేరు ముద్దను అరచేతిలోకి ఎలా తీసుకోవాలో చూపిస్తున్నాడు. పెటూనియాలు, బిగోనియాలు, జెరేనియంలు, సాల్వియాలు. మధ్యలో ఒక వరసంతా బంతి. హోమ్‌లో ఉండే పెద్దవాళ్లు కిటికీల దగ్గర వీల్‌చెయిర్లలో కూర్చుని చూస్తున్నారు. మధ్యాహ్నానికి బెడ్ నిండిపోయింది. అందరూ మట్టి చేతులతోనే ఫొటోలు దిగి హోటళ్లకు వెళ్లిపోయారు.

మేం పారలు కడిగి బండిలో వేస్తుండగా గాలి ఉత్తరానికి తిరిగింది. ఫోర్‌మన్ మెడ ఎత్తి వాసన చూసినట్టు చూశాడు. ఫోన్ తీసి నాకు చూపించాడు. ఆ రాత్రికి మబ్బు, తొమ్మిది డిగ్రీలు అని పొద్దున చూపించిన యాప్ కాస్తా ఇప్పుడు నిర్మలాకాశం, సున్నా కిందకి అంటోంది. నేను ఆయన మొహం చూడలేకపోయాను. 'నేను ముందే చెప్పలా' అన్న మాట వస్తుందని కాచుక్కూర్చున్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. పిల్లలూ, మీకు ఉద్యోగంలో అలాంటి మనిషి ఒక్కరు దొరికితే వదులుకోకండి.

మొక్కలన్నీ తవ్వి లోపల పెట్టడం జరిగే పని కాదు. వేళ్లు ఇంకా మట్టిని పట్టుకోలేదు, మళ్లీ కదిలిస్తే సగం చచ్చిపోతాయి. నర్సరీలో ఉన్న కప్పే గుడ్డలన్నీ అక్కడ బయట ఉన్న ట్రేలకే చాలవు. కేర్ హోమ్ వాళ్లు దుప్పట్లు ఇచ్చారు. కప్పబోతే ఆ గాలికి ఒక్కటీ నిలవలేదు. ఒకటి ఎగిరి పార్కింగ్‌లో కారు అద్దానికి చుట్టుకుంది. పైగా అంత చలికి పలచటి దుప్పటి ఆగేదీ కాదు.

అప్పుడు నాకు స్ట్రాబెర్రీ తోట గుర్తొచ్చింది. నేను కెనడా వచ్చిన మొదటి వసంతంలో, పూత మీద ఉన్న తోటకి ఫ్రాస్ట్ వస్తుందని తెలిసి, అక్కడి రైతు రాత్రంతా మొక్కల మీద నీళ్లు చిమ్మించాడు. పిచ్చిపని అనుకున్నాను. ఆయనే వివరించాడు. నీరు గడ్డకట్టేటప్పుడు కొంచెం వేడి వదులుతుంది. ఆకు మీద కొత్త నీరు పడుతూ, గడ్డకడుతూ ఉన్నంతసేపూ లోపల ఆకు సున్నా దగ్గరే ఆగుతుంది. చెయ్యాల్సింది నీళ్లు ఆపకుండా ఉండటమే.

ఆ హోమ్‌లో బిల్డింగ్ మెయింటెనెన్స్ చూసేది జమైకా నుంచి వచ్చిన ఒకాయన. నెమ్మదైన మనిషి. నేను చెప్పింది విని నన్ను ఎగాదిగా చూశాడు.

"మేడమ్, చలికి చస్తాయంటున్న మొక్కల మీద చన్నీళ్లు పోస్తారా?"

"అవును."

"రాత్రంతా?"

"పొద్దున ఎండొచ్చి ఐస్ ఊడేదాకా. మధ్యలో ఆగిపోతే, అసలు పొయ్యకపోవడం కంటే ఎక్కువ నష్టం."

ఆయన ఫోర్‌మన్ వైపు తిరిగాడు. ఫోర్‌మన్ భుజాలెగరేసి, "నేనెప్పుడూ చూళ్లేదు. కానీ ఈవిడ ఊరికే మాట్లాడే మనిషి కాదు" అన్నాడు. మెయింటెనెన్స్ ఆయన తాళాలగుత్తి తీసుకుని బయటి కుళాయిలు తెరవడానికి వెళ్లాడు.

చీకటి పడుతుండగా ఆ అమ్మాయి వచ్చింది. తనూ ఫోన్‌లో చూసిందట. బెడ్ పొడవునా మేం బిగిస్తున్న స్ప్రింక్లర్లను, గొట్టాలను చూసి, "నావల్లే కదా ఆంటీ ఇదంతా" అంది.

"నువ్వు అడిగావు, నేను సరేనన్నాను. నేల కూడా సరేనంది. ఆకాశం ఒక్కటే మనసు మార్చుకుంది. ఆ గొట్టం ఇటు అందుకో."

గాలి పూర్తిగా పడిపోయాక, మొదటి నక్షత్రాల కింద నీళ్లు వదిలాం. రాత్రి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తడిసిన చేతి తొడుగులు, థర్మాస్‌లో టీ, స్ప్రింక్లర్ మూతికి ఐస్ పట్టి తిరగడం ఆగినప్పుడల్లా ఫోర్‌మన్ సుత్తి పిడితో తట్టి మళ్లీ తిప్పడం. టార్చ్ వెలుగులో మొక్కలు తడిగా మెరుస్తున్నాయి తప్ప లోపల బతికున్నాయో లేదో తెలిసే దారి లేదు.

తూర్పున బూడిదరంగు వెలుగు వచ్చింది. అన్నిటికంటే చలి ఎక్కువగా ఉండేది ఆ వేళప్పుడే. సరిగ్గా అప్పుడు నీటి జోరు తగ్గింది. చివరి స్ప్రింక్లర్ నీరసంగా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. దాని తర్వాత పక్కది. నేను పరుగెత్తి ఐస్ చూశాను. రాత్రంతా గాజులా పారదర్శకంగా ఉన్న ఐస్ అక్కడ పాలలా తెల్లబడుతోంది. నీళ్లు చాలడం లేదని దానర్థం. ఇంకాస్త తెల్లబడితే లోపల ఆకు పోయినట్టే.

మెయింటెనెన్స్ ఆయనకు వెంటనే అర్థమైంది. "లోపల పొద్దుటి పనులు మొదలయ్యాయి మేడమ్. వంటింటి మెషీన్లు, లాండ్రీ, స్నానాలు" అని చెప్పి లోపలికి పరుగెత్తాడు. నేనూ వెనకాలే వెళ్లాను. డ్యూటీలో ఉన్న నర్సు ఫిలిప్పీన్స్ ఆవిడ. మేం చెప్పింది విని గడియారం చూసుకుంది.

"వంటింటికి చెప్తాను, పేపర్ ప్లేట్లు వాడతారు. లాండ్రీ ఆపుతాను. కానీ స్నానాలు వాళ్ల హక్కు. వాళ్లనడక్కుండా నేను ఆపలేను."

ఆవిడ నేరుగా హాల్లోకి నడిచింది. తెల్లవారకముందే లేచే అలవాటున్న పెద్దవాళ్లు అప్పటికే అక్కడ కొందరు కూర్చుని ఉన్నారు. బయట పూలను కాపాడటానికి నీళ్లు కావాలి, స్నానం రేపటికి మార్చుకుంటారా అని అడిగింది. అప్పుడు కిటికీ పక్క వీల్‌చెయిర్‌లో ఉన్న ఒక పెద్దావిడ, తొంభై దాటి ఉంటాయి, తల తిప్పకుండానే అంది: "అవి నా స్నేహితుల పూలు. నాకు ఒక వారం దాకా స్నానం వద్దు." ఆ వెనకే, "టీ మాత్రం ఆపకండి" అని కూడా అంది. పక్కాయన నవ్వాడు. ఒక్కొక్కరే చెయ్యెత్తారు. చెయ్యెత్తలేని ఒకాయన కళ్లు మూసి తెరిచాడు. నర్సు అదీ లెక్కలోకే తీసుకుంది.

మేం బయటికి వచ్చేసరికి చివరి స్ప్రింక్లర్ మళ్లీ నిండుగా తిరుగుతోంది. పాలరంగు ఐస్ మీద కొత్త నీరు పడి, చూస్తుండగానే మళ్లీ నీరులా తేటగా మారుతోంది. ఫోర్‌మన్ సుత్తి కింద పెట్టి నా వైపు చూసి తలూపాడు. ఈసారి నిలువుగా.

తర్వాత సూర్యుడు రోడ్డవతల ఇళ్ల మీంచి పైకొచ్చాడు.

నాకు ఇక్కడే మాటలు చాలవు. బిల్డింగ్ పొడవునా ప్రతి ఆకు, ప్రతి రేక, ప్రతి మొగ్గ తేట ఐస్‌లో ఉంది. పెటూనియాల్లో విచ్చుకున్న పూలు విచ్చుకున్నట్టే ఆగిపోయాయి. బంతి వరస మీద ఎండ పడగానే, ఒక్కో పువ్వూ లోపల దీపం వెలిగించినట్టు నారింజ రంగులో మండింది. పైన చిమ్ముతున్న నీళ్లలో చిన్న చిన్న ఇంద్రధనుస్సులు పుట్టి పోతున్నాయి. చంపడానికి వచ్చిన చలే వాటి చుట్టూ గూడు కట్టి కాపాడుతోంది. ఆ శాస్త్రం నాకు తెలుసు. పరీక్షలో రాయమంటే రాస్తాను. అయినా జీవితమంతా నారు పెంచిన దాన్ని, ఒక మొక్క ముందు అంత చిన్నదాన్నయిపోయినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

ఫోర్‌మన్ టోపీ తీసేసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ప్రతి కిటికీలోనూ మొహాలు. పై అంతస్తులో మంచం మీంచి లేవలేని వాళ్లను కూడా మంచాలతో సహా కిటికీ దగ్గరికి తోసుకొచ్చారు.

కాసేపటికి కుటుంబాలు రావడం మొదలైంది. రంగురంగుల పూలను చూస్తామని మంచి బట్టలు వేసుకుని వచ్చినవాళ్లు, కారు దిగి, తలుపు వెయ్యడం మరిచిపోయి నిలబడ్డారు. ఉపన్యాసాల కోసం ఒక మైకు పెట్టారు. దాన్ని ఎవరూ ఆన్ చెయ్యలేదు. ఒక పెద్దాయన నీటి తుంపరలు పడుతున్నా కదలకుండా బెడ్ పక్కనే నిలబడి, తన భార్య కోసం నాటిన తెల్ల జెరేనియం వంక చూస్తూ ఉన్నాడు. మనవరాలనుకుంటాను, గొడుగు తెచ్చి పట్టింది.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అన్నీ బతకలేదు. నీళ్లు ఆగిన చివరి మూలలో బిగోనియాలు మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. ఐస్ బరువుకి కొన్ని పెటూనియా కొమ్మలు విరిగాయి. లాంగ్ వీకెండ్ అవగానే ఫోర్‌మన్ కొత్త నారు తీసుకెళ్లి ఆ మూల నింపి వచ్చాడు. దారిలో నాతో, "ఇప్పుడు నాటాలి. ఇదీ టైమంటే" అని మాత్రం అన్నాడు. తర్వాతి ఏడాది నుంచి ఆ కుటుంబాలు జూన్‌లో కలుస్తున్నాయి. ఎవరూ చెప్పకుండానే వాళ్లే మార్చుకున్నారు. కాబట్టి పిల్లలూ, మీ మేనేజర్ ఆగమంటే ఆగండి. నేను సాహసం చేయమని ఈ కథ చెప్పడం లేదు. ఆ తెల్లవారుజామున గాలి మళ్లీ లేచినా, చలి ఇంకాస్త ముదిరినా, ఇందులో చెప్పుకోడానికి ఏమీ మిగిలేది కాదు. మనం చేసేది చేస్తాం. మిగతాది మన చేతిలో లేదు. మన చేతిలో లేని ఆ మిగతాది ఎంత పెద్దదో నాకు ఆ రోజే తెలిసింది.

ఆ ఉదయం చివర్న జరిగింది ఒకటి ఇంకా చెప్పలేదు. ఎండ వేడెక్కి, ఐస్‌కీ ఆకుకీ మధ్య నీరు జారడం కనబడ్డాక కుళాయిలు కట్టేయించాను. నిశ్శబ్దంలో బెడ్ అంతటా చిటచిటమంటూ చిన్న శబ్దాలు మొదలయ్యాయి. ఆ అమ్మాయి వాళ్లమ్మ బంతిమొక్క ముందు తడి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"లాస్ట్ రెండు నెలలు అమ్మని ఆ కిటికీలోంచే చూశా ఆంటీ" అంది, కింది అంతస్తులో ఒక కిటికీ చూపించి. "లోపల్నుంచి అద్దం మీద చెయ్యి పెట్టేది. నేను ఇటునుంచి పెట్టేదాన్ని. చల్లగా ఉండేది, అంతే."

తను పువ్వు వైపు చెయ్యి చాపింది.

"ముట్టుకోనా?"

"ఇంకొంచెం ఆగమ్మా. ఇప్పుడు లాగితే రేకలు ఊడొస్తాయి. దానంతటదే వదులుతుంది."

తను చెయ్యి అలాగే గాల్లో ఉంచి ఎదురుచూసింది. ఎంతసేపో నేను చూసుకోలేదు. పువ్వు మీది ఐస్ ఒక పక్క కొంచెం జారింది, ఆగింది, మళ్లీ జారింది. చివరికి పువ్వు ఆకారంలోనే ఉన్న పలచటి చిప్పలా మొత్తం ఊడి మట్టిలో పడింది. బంతి తల కొంచెం ఊగి నిలబడింది.

ఆ అమ్మాయి వేలి కొసతో ఒక రేకను తాకింది. తర్వాత పువ్వునంతా అరచేతిలోకి తీసుకుంది.

"మెత్తగా ఉంది ఆంటీ" అంది.